వగరు తెలిసిన నాలుక మనది

పోయిన నెల ఇదే పేజీలో ఎవరికో జవాబు రాస్తూ మాటవరసకి మెర్లో అనే ద్రాక్షతో చేసే రెడ్ వైన్ పేరెత్తాను. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో, మెయిళ్లలో సగానికి పైగా దాని గురించే. అందుకని మిగతా ప్రశ్నలన్నీ వచ్చే నెలకి వాయిదా వేసి ఈసారి పేజీ మొత్తం దానికే ఇస్తున్నాను. ముందుగా ఒక మాట. ఇది ఇరవై ఒకటి నిండినవాళ్ల కోసం రాసింది, అలవాటు లేనివాళ్లని మొదలుపెట్టమని చెప్పడానికి కాదు.

*

ప్రశ్న: మా అల్లుడు జర్మనీ నుంచి వస్తూ రెడ్ వైన్ తెచ్చాడు. సీసా మీద మెర్లాట్ అని ఉంది. రెడ్ వైన్ అంటే కషాయంలా ఉంటుందని మా ఇంట్లో అందరి అభిప్రాయం. ఇది అలా లేదు, మెత్తగా ఉంది, నాకూ మా ఆవిడకీ నచ్చింది. మా బావమరిది మాత్రం "అది ఏమీ తెలియనివాళ్లు తాగేది బావా, అసలైన వైన్ అంటే కాబర్నే" అన్నాడు. నిజమేనా?
- రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, పటమట, విజయవాడ

జవాబు: మీ బావమరిది గారి మాట పక్కన పెట్టి మీ నాలుక చెప్పిందే నమ్మండి సార్, అది సరిగ్గానే చెప్పింది. (చివరి అక్షరం పలకరు, మెర్లో అంటారు. మెర్లాట్ అన్నా షాపులో ఇదే ఇస్తారు, దానికి మొహమాటం అక్కర్లేదు.)

మీరు కషాయం అంటున్నది వగరు. ద్రాక్ష తొక్కలో, గింజలో టానిన్ అనే పదార్థం ఉంటుంది, రెడ్ వైన్‌ని తొక్కతో సహా పులియబెడతారు కాబట్టి అది వైన్‌లోకి దిగుతుంది. వైన్ నేర్పేవాళ్లు ఈ టానిన్ ఎలా ఉంటుందో చెప్పడానికి చాలా తంటాలు పడతారు, మనకి మాత్రం బడికి వెళ్లకముందే తెలుసు. ఉగాది పచ్చడిలో మామిడి పిందె ముక్క కొరికాం, దగ్గొస్తే కరక్కాయ బుగ్గన పెట్టుకున్నాం, దోసెడు నేరేడు పళ్లు తిని నాలుక బయటపెట్టి ఎవరిది ఎక్కువ ఊదాగా ఉందో చూసుకున్నాం. పళ్లు అయిపోయాక నాలుక మొద్దుబారి, పెదవి లోపలి భాగం చిగురుకి అతుక్కున్నట్టు ఉంటుందే, అదే టానిన్. షడ్రుచుల్లో దానికి పీట వేసి కూర్చోబెట్టిన వాళ్లం మనం, కాబట్టి రెడ్ వైన్ మనకి పరాయి రుచి అని నేను ఎప్పుడూ అనుకోలేదు.

ఇక కాబర్నేకీ మెర్లోకీ తేడా. రెండూ ద్రాక్ష రకాల పేర్లే, మీ బావమరిది గారు అన్నది కాబర్నే సావిన్యోన్ గురించి. కాబర్నే సావిన్యోన్ కాయ చిన్నది, తొక్క మందం, రసం తక్కువ, కాబట్టి వగరూ పులుపూ ఎక్కువ. మెర్లో కాయ కాస్త పెద్దది, తొక్క పల్చన, కాబర్నే కన్నా ఒకటి రెండు వారాలు ముందే పండుతుంది, తీపి బాగా పడుతుంది, పులుపు తక్కువ. ఆ తీపంతా పులిసి ఆల్కహాల్ అవుతుంది కాబట్టి మెర్లో వైన్‌లో ఆల్కహాల్ మామూలుగా 13 నుంచి 14.5 శాతం దాకా ఉంటుంది. మెత్తగా ఉందని తేలిక అనుకోకండి. నేరేడులోనే చెప్పాలంటే, కొమ్మ మీద ఇంకా గట్టిగా ఉన్న కాయ కాబర్నే, కొమ్మ ఊపగానే చేతిలో పడేంతగా మాగినది మెర్లో. రెండింట్లోనూ వగరు ఉంది, రెండోదాంట్లో దాన్ని గుజ్జు కప్పేసింది.

మీ ఉత్తరం చదివాక నేను కూడా ఒక సీసా తీశాను. మూడేళ్ల కిందటిది, ఖరీదైనది కాదు. తెల్ల తువ్వాలు మీద గ్లాసు పక్కకి వంచి చూస్తే మధ్యలో ముదురు ఎరుపు, అంచు దగ్గర కొద్దిగా ఇటుక రంగుకి తిరుగుతోంది. మొదటి వాసన ఆల్‌బుఖారా పండుది, అదీ బాగా పండి తొక్క చిట్లినది. గ్లాసు తిప్పి పది నిమిషాలు వదిలేస్తే కోకో పొడి వాసన మొదలైంది, దాని వెనకాల ఆరిన పొగాకు వాసన. గుంటూరు వాళ్లకి, పొగాకు బ్యారన్ దగ్గర ఒక్కసారైనా నిలబడ్డవాళ్లకి అది వెంటనే తెలిసిపోతుంది. నోట్లోకి తీసుకుంటే ముందు పండు, మధ్యలో చిక్కదనం, మింగాక చిగుళ్ల మీద సన్నటి వగరు. ఆ వగరు పట్టుకుని కూర్చోకుండా నెమ్మదిగా వదిలేసింది. మెర్లో గుణం అదే, నాకు నచ్చేదీ అదే. ఇలాంటి వైన్ తాగడానికి నాలుకని బలవంతంగా అలవాటు చేయనక్కర్లేదు. అంతమాత్రాన అందులో ఏమీ లేదనుకుంటే అది ఆ వైన్‌కి చేసే అన్యాయం.

మరి దానికి చెడ్డపేరు ఎందుకొచ్చిందంటే, 1991లో అమెరికా టీవీలో ఒక కార్యక్రమం వచ్చింది, ఫ్రెంచివాళ్లు అంత కొవ్వు తిని కూడా గుండెజబ్బులు తక్కువగా తెచ్చుకోవడానికి రెడ్ వైన్ కారణం కావచ్చని. అంతే, అప్పటిదాకా రెడ్ ముట్టని జనం కూడా షాపుల మీద పడ్డారు, వాళ్లకి వగరు తక్కువున్నది కావాలి, కాబట్టి కాలిఫోర్నియాలో దొరికిన నేలల్లా మెర్లో నాటారు. వేడి మైదానాల్లో, నీళ్లు బాగా పెట్టి, ఎకరానికి ఎంత వస్తే అంత పండించారు. పల్చటి, కాస్త తియ్యటి, ఏ రుచీ నిలవని వైన్ కోట్ల సీసాల్లో వచ్చిపడింది. పైగా 2004లో ఒక హాలీవుడ్ సినిమాలో హీరో మెర్లో తాగనంటే తాగనని అరిచాడు, ఆ మాట జనంలోకి వెళ్లిపోయింది. అదే సినిమాలో ఆ మనిషి ప్రాణంగా దాచుకున్న సీసా 1961 నాటి షెవాల్ బ్లాన్, అదే పేరున్న ఫ్రెంచి తోటది. ఆ తోటలో వైన్ చేసేది ముఖ్యంగా కాబర్నే ఫ్రాంక్ అనే ఇంకో ద్రాక్ష, మెర్లో కలిపి! తప్పు పండించినవాళ్లది, నింద పడింది ద్రాక్ష మీద.

ఇంకొక సంగతి, మీ బావమరిదికి తప్పకుండా చెప్పండి. డీఎన్‌ఏ పరీక్షల్లో తేలిందేమిటంటే కాబర్నే సావిన్యోన్‌కీ మెర్లోకీ జన్మనిచ్చిన వాటిలో ఒకటి రెండింటికీ ఉమ్మడే, కాబర్నే ఫ్రాంక్ అనే పాత ద్రాక్ష. అంటే ఈ రెండూ సవతి తోబుట్టువులు. మెర్లోకి తల్లి మాగ్దలెన్ నువార్ దె షారాంత్ అనే ద్రాక్ష, అందరూ మర్చిపోయి ఫ్రాన్సులో కొన్ని ఇళ్ల ముందు పందిళ్ల మీదా పాడుబడ్డ చోటా మిగిలింది, ఆ తీగలు దొరికాకే ఈ చుట్టరికం బయటపడింది.

*

ప్రశ్న: పారిస్‌లో ఉన్న ఫ్రెండ్ పంపిన సీసా మీద సెంట్ ఎమిలియన్ అని ఉంది, మెర్లో అని ఎక్కడా లేదు. ఇది మెర్లోనే అని షాపువాడు చెప్పాడట. మోసమా?
- సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: మోసం కాదమ్మా, నిశ్చింతగా ఉండండి. మనం మంగళగిరి చీర అంటాం, అంచు మీద నూలు అని రాసి ఉండాలని అడగం, ఊరి పేరు చెబితేనే అంతా తెలిసిపోతుంది. ఫ్రాన్సులో వైన్ కూడా చాలావరకు అంతే, సీసా మీద ఊరి పేరు రాస్తారు, ద్రాక్ష ఏదో తెలిసినవాళ్లకి తెలుసు.

మీ సెంట్ ఎమిలియన్ ఉన్నది ఫ్రాన్సులోని బోర్డో ప్రాంతంలో. అది అర్థం కావాలంటే ప్రకాశం బ్యారేజీ మీద నిలబడి చూసినట్టు ఊహించుకోండి. ఇటు ఒడ్డున విజయవాడ, అటు ఒడ్డున సీతానగరం, ఉండవల్లి. నది ఒకటే అయినా ఈ ఒడ్డుదీ ఆ ఒడ్డుదీ తీరు వేరు, వంటలో కారం దగ్గర్నుంచీ తేడా ఉంటుంది, ఎవరి ఒడ్డు వాళ్లకి గొప్ప. బోర్డోలో గారోన్, దొర్దోన్ అని రెండు నదులు వచ్చి కలిసి జిరోండ్ అనే పెద్ద పాయగా సముద్రంలోకి పోతాయి. ఎడమ ఒడ్డున గులకరాళ్ల నేల, ఎండకి రాళ్లు వేడెక్కి ఆలస్యంగా పండే కాబర్నేకి సాయం చేస్తాయి. కుడి ఒడ్డున లిబూర్న్ అనే పట్నం చుట్టూ బంకమట్టి, సున్నపురాయి. ఆ నేల చల్లన, కాబర్నేకి కష్టం, తొందరగా పండే మెర్లోకి సరిగ్గా కుదిరింది. సెంట్ ఎమిలియన్, దాని పక్కనే ఉన్న పొమెరోల్, రెండూ ఆ ఒడ్డువే. మెర్లో ఎక్కువ పాళ్లలో, కాస్త కాబర్నే ఫ్రాంక్ కలిపి చేస్తారు. కలపడం కల్తీ కాదు. మెర్లో చిక్కదనం ఇస్తే కాబర్నే ఫ్రాంక్ సువాసనా కొంచెం బిగువూ ఇస్తుంది.

పొమెరోల్‌లోనే పెత్రూస్ అనే తోట ఉంది, సుమారు 28 ఎకరాలు, దాదాపు అంతా మెర్లోనే. దాని సీసా ఒకటి లక్ష రూపాయలు దాటుతుంది. మెర్లో చవకబారుది అనేవాళ్లకి ఈ పేరొక్కటి చెబితే చాలు. మీకు వచ్చిన సీసా ఆ స్థాయిది కాకపోయినా ఆ ఒడ్డుదే, మంచి రోజు చూసి, మాట్లాడుకోవడానికి ఇద్దరు మనుషులున్నప్పుడు తీయండి.

*

ప్రశ్న: మాది ప్రత్తిపాడు దగ్గర. నల్లరేగడి నేల, మిర్చి, పత్తి వేస్తాం. వైన్ ద్రాక్ష మన నేలలో వస్తుందా? నాసిక్‌లో వేస్తున్నారు కదా.
- రైతు, గుంటూరు జిల్లా

జవాబు: ఈ ఉత్తరం చూసి చాలా సంతోషం వేసింది, ఎందుకంటే నేల విషయంలో మీ ఊహ ఊరికే పోలేదు. పైన చెప్పిన పెత్రూస్ తోట కింద ఉన్నది నీలిరంగు బంకమట్టి, తడిస్తే ఉబ్బుతుంది, నీళ్లు పట్టుకుని వేరుకి కొద్దికొద్దిగా వదులుతుంది. మన రేగడిలో ఉండే మట్టి కూడా ఆ కుటుంబానిదే, వానకి ఉబ్బి ఎండకి కాలు దిగేంత బీటలు పడేది అందుకే. వేసవిలో బీటలు, వానాకాలం చెప్పుకి అంటుకుని కిలో బరువయ్యే మట్టి, ఇది మీకు నేను చెప్పాలా!

కానీ నేల ఒక్కటే చాలదు. ఈ తీగకి చలికాలం నిద్ర కావాలి, ఆకు రాల్చి రెండు మూడు నెలలు పడుకుని మళ్లీ చిగురించాలి. మన దగ్గర తీగ అసలు నిద్రపోదు. నాసిక్ సముద్రమట్టానికి సుమారు 600 మీటర్ల ఎత్తులో ఉంది, డిసెంబరు, జనవరి రాత్రులు బాగా చల్లగా ఉంటాయి, అక్కడ ఏటా రెండుసార్లు కత్తిరింపు వేసి, కాపుని ఆ చలిలోకి నెట్టి, జనవరి నుంచి మార్చి లోపు కోస్తారు. మెర్లోకి అసలే పులుపు తక్కువ. రాత్రి కూడా వేడిగా ఉండే చోట ఉన్న ఆ కాస్త పులుపూ కాయలోనే ఖర్చైపోతుంది, వచ్చే వైన్ చప్పగా, ఉడికించిన పండులా ఉంటుంది. పైగా తొక్క పల్చన, మనకి నవంబరులో తుఫాను వస్తే గుత్తికి గుత్తి కుళ్లిపోతుంది. ఒక్కొక్కసారి ఫ్రాన్సు వాళ్లకే తట్టుకోవడం కష్టమైంది, ఇది తొందరగా చిగురించే తీగ కాబట్టి వసంతంలో మంచు పడితే ముందు దెబ్బ దీనికే, 1956 ఫిబ్రవరిలో వచ్చిన చలికైతే కుడి ఒడ్డున తోటలకి తోటలే చచ్చిపోయాయి. మీ మిర్చి మీకు తెలిసిన పంట, దాన్ని వదిలి దీని మీద డబ్బు పెట్టమని నేను చెప్పను. పెరట్లో సరదాగా ఒక తీగ పెంచుకుంటే అది వేరే సంగతి.

*

ప్రశ్న: మా ఇంట్లో వంటంతా కారమే. ఆదివారం మటన్ వండి, దాంతో మా వారూ నేనూ చెరో గ్లాసు తాగుదామని సీసా తెచ్చుకున్నాం. నోరు మండిపోయింది, వైన్ చేదనిపించింది. మా వంటకి అది పనికిరాదా?
- గృహిణి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: పనికొస్తుందండీ, కానీ గుంటూరు కారంతో నేరుగా ఢీకొట్టిస్తే మాత్రం వైన్ ఓడిపోతుంది. మిరపకాయ మంటని ఆల్కహాల్ ఇంకా పెంచుతుంది, మంట పుట్టిన నోట్లో వగరు రెట్టింపు తెలుస్తుంది, పండు రుచి ఎటో పోతుంది. మీకు జరిగింది అదే. మెర్లో కాబట్టి ఆ మాత్రమైనా తట్టుకుంది, కాబర్నే అయితే రెండో గుక్క తాగేవారు కాదు.

మీరు ఏ మటన్ వండారో రాయలేదు, గోంగూర మాంసం అని నా అనుమానం. అయితే ఇంకో ఇబ్బంది కూడా ఉంది. గోంగూరంత పులుపు నోట్లో ఉండగా పులుపు తక్కువున్న మెర్లో తాగితే నీళ్లలా చప్పగా అనిపిస్తుంది. చింతపండు పోసిన చేపల పులుసుతోనూ అంతే, అందులోనూ చేపతో రెడ్ వైన్ తాగితే చాలాసార్లు నోట్లో ఇనుము నాకినట్టు ఒక రుచి వస్తుంది, అది అస్సలు బాగుండదు. పులుసు రోజున వైన్ జోలికి వెళ్లకండి.

మరి ఏం వండాలి? నేను చాలాసార్లు చేసి చూసింది చెబుతాను. వేట మాంసం వేపుడు చేయండి, కారం మీరు వేసేదాంట్లో మూడో వంతు వేసి, లోటు మిరియాలతో పూడ్చండి. ఉల్లిపాయ బాగా ఎర్రబడి అడుగున తీపి వాసన వచ్చేదాకా వేయించండి, కొబ్బరి, గసాలు నూరి వేస్తే మరీ మంచిది. ముక్క అంచులు కాస్త నల్లబడి కరకరలాడాలి. ఆ వేగిన వాసనకీ వైన్‌లోని కోకో వాసనకీ బంధుత్వం ఉంది, రెండూ నోట్లో కలిసినప్పుడు మీకే తెలుస్తుంది. మాంసంలోని ప్రొటీన్ వగరుని పట్టేసుకుంటుంది, ముక్క నమిలాక తాగిన గుక్క ముందు గుక్క కన్నా మెత్తగా ఉంటుంది. మీరు రోజూ చేసే పనే ఇది. డికాక్షన్ బాగా మరిగిపోతే పాలు ఎక్కువ పోసి టీలో వగరు విరిచేస్తారు కదా, ఇక్కడ పాల పని మాంసం చేస్తుంది.

శాకాహారులైతే వంకాయ మసాలా కూర, పుట్టగొడుగుల వేపుడు, బాగా వేయించిన పనీర్. చిక్కటి ఉలవచారులో వెన్న వేసుకుని అన్నంలో కలుపుకున్నా బాగుంటుంది, ఇది నా సొంత ఇష్టం, కొందరు ఒప్పుకోరు. బొబ్బట్లు, పూతరేకులు మాత్రం వద్దు, అంత తీపి తర్వాత ఏ రెడ్ వైనైనా పుల్లటి నీళ్లే. ఇంకొక మాట, ఆవకాయ డబ్బా ఆ పూటకి బల్ల మీద పెట్టకండి, పెడితే చెయ్యి దానివైపే పోతుంది.

*

ప్రశ్న: రెడ్ వైన్ ఫ్రిజ్‌లో పెట్టకూడదు, రూమ్ టెంపరేచర్‌లోనే తాగాలి అంటారు. మే నెలలో విజయవాడలో ఎలాగండీ?
- మొగల్రాజపురం, విజయవాడ

జవాబు: ఆ మాట చలిదేశాల్లో, రాతి గోడల ఇళ్లల్లో పుట్టింది, అక్కడ గది అంటే 16, 18 డిగ్రీలు. మనకి మే నెలలో రాత్రి పదింటికి కూడా గోడ చెయ్యి కాలుస్తుంది. 34 డిగ్రీల మెర్లోలో పండు ఉండదు, స్పిరిట్ వాసన ఒక్కటే ముక్కుకి కొడుతుంది.

రెండేళ్ల కిందట మే నెలలో ఊళ్లోనే ఒక రెస్టారెంట్‌లో నాకు ఇలాగే పోశారు. అలమర మీద నుంచి తీసిన సీసా, పట్టుకుంటే గోరువెచ్చగా ఉంది. ఐసు, నీళ్లు కలిపి బకెట్ తెమ్మన్నాను. రెడ్ వైన్‌కి పెట్టరండీ అని సర్వ్ చేసే కుర్రాడు ఇబ్బందిపడ్డాడు, పాపం అతనికి అలాగే నేర్పారు. పావుగంట సీసా మెడదాకా ముంచి ఉంచి మళ్లీ పోయించుకుని, అతన్నీ ఒకసారి వాసన చూడమన్నాను. "ఇందాక ఇది లేదు కదండీ" అన్నాడు. అంత తేడా వస్తుంది. ఇంట్లో అయితే ఫ్రిజ్‌లో గంట, గంటన్నర పెట్టి తీయండి. మరీ చల్లబడితే వగరు పైకి తేలి వాసన ముడుచుకుపోతుంది, అప్పుడు గ్లాసుని రెండు అరచేతుల మధ్య కాసేపు పట్టుకుంటే సరిపోతుంది. గ్లాసులో ఐసు ముక్కలు వేయకండి, దయచేసి.

*

ప్రశ్న: తొమ్మిదేళ్ల కిందట మా అన్నయ్య ఇచ్చిన మెర్లో సీసా బీరువా మీద దాచాం, మా అమ్మాయి పెళ్లికి తీద్దామని. వైన్ పాతబడితే రుచి పెరుగుతుందిగా. వచ్చే మాఘంలో పెళ్లి. ఇంకా బాగుంటుందా?
- తెనాలి

జవాబు: చెప్పడానికి బాధగా ఉందమ్మా, చాలావరకు పోయి ఉంటుంది. అన్ని వైన్లూ పాతబడితే బాగుపడవు. మెర్లో సీసాల్లో ఎక్కువ భాగం మూడు నాలుగేళ్ల లోపు తాగడానికి చేసినవే. పొమెరోల్, సెంట్ ఎమిలియన్ లాంటి చోట్ల గట్టిగా చేసినవి పది, ఇరవై ఏళ్లు నిలుస్తాయి, అదీ చల్లటి చీకటి గదిలో సీసా పడుకోబెట్టి ఉంచితేనే. బీరువా మీద తొమ్మిది వేసవులు అంటే ఏ వైనూ తట్టుకోలేదు. బిరడా కొంచెం పైకి లేచి ఉందా, దాని చుట్టూ అంటుకునే మరక ఉందా చూడండి. ఉంటే లోపల వైన్ ఉడికినట్టే.

అయినా పారేయకండి. పెళ్లికి ముందే మీ అన్నయ్య వచ్చిన రోజున ఇద్దరూ కూర్చుని తీసి చూడండి. బాగుంటే అదృష్టం, లేకపోతే ఖాళీ సీసా కడిగి దాచుకోండి. పెళ్లినాటికి కొత్త సీసా ఒకటి తెప్పించుకోండి.

*

ప్రశ్న: మేం గుడ్డు కూడా తినం. వైన్‌లో గుడ్డు వేస్తారని విన్నాను. నిజమా?
- సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: కొన్నింట్లో వాడతారు, ముఖ్యంగా బోర్డోలో పాత పద్ధతి అది. పీపాలో ఉన్న వైన్‌లో గిలక్కొట్టిన తెల్లసొన కొద్దిగా వేస్తే అది గరుకైన వగరుని పట్టుకుని అడుగుకి దిగిపోతుంది, పైన తేరిన వైన్‌ని వేరే పీపాలోకి తీస్తారు. మిగిలిన పచ్చసొనలతోనే అక్కడ కనెలే అనే తీపి వంటకం పుట్టిందని చెప్పుకుంటారు. ఈ రోజుల్లో గుడ్డుకి బదులు ఒక రకం మట్టి, బఠాణీ ప్రొటీన్ వాడేవాళ్లూ ఉన్నారు, ఏమీ వాడనివాళ్లూ ఉన్నారు. సీసా మీద వీగన్ (జంతువుల నుంచి వచ్చేది ఏదీ వాడనిది) అని ఉన్నదే తీసుకోండి.

*

ప్రశ్న: చిలీ మెర్లో అని దొరుకుతోంది. ఇదీ అదీ ఒకటేనా?
- బెంజ్ సర్కిల్, విజయవాడ

జవాబు: ఇప్పుడు చాలావరకు ఒకటే. 1994 దాకా కాదు. చిలీలో మెర్లో అనుకుని పెంచిన తీగల్లో చాలావరకు కార్మెనేర్ అనే ఇంకో బోర్డో ద్రాక్ష అని ఆ ఏడాది బూర్సికో అనే ఫ్రెంచి శాస్త్రవేత్త తోటలోకి వెళ్లి తీగ చూసి చెప్పాడు. తమ మెర్లో ఎందుకంత ఆలస్యంగా పండుతోందో, కాప్సికమ్ వాసన ఎందుకు వస్తోందో అక్కడివాళ్లకి అప్పుడు అర్థమైంది. అసలు మెర్లో అయినా పండకముందే కోస్తే ఆ పచ్చి వాసన వస్తుంది. మీ సీసాలో అది మరీ ఎక్కువగా ఉంటే వచ్చేసారి వేరే సీసా చూసుకోండి.

*

ప్రశ్న: రోజూ ఒక గ్లాసు రెడ్ వైన్ గుండెకి మంచిది అని మా వాకింగ్ గ్రూపులో అంటున్నారు. మొదలుపెట్టనా?
- వయసు 58, గుంటూరు

జవాబు: వద్దు సార్. పైన చెప్పిన 1991 టీవీ కార్యక్రమం నాటి మాట అది, ఇంకా తిరుగుతూనే ఉంది. ఆల్కహాల్ ఎంత తక్కువైనా ఆరోగ్యానికి సురక్షితం అనడానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా చెప్పింది. రుచి కోసం ఎప్పుడైనా తాగేవాళ్లు తాగుతారు, మందులా మాత్రం తాగకండి. బీపీకో షుగర్‌కో మాత్రలు వాడుతుంటే ఆ ఎప్పుడైనా కూడా డాక్టర్‌ని అడిగాకే.

*

ప్రశ్న: ఇద్దరమే. సీసా ఒక్క పూటలో అవ్వదు. మిగిలింది ఏం చేయాలి?
- తాడేపల్లి

జవాబు: బిరడా బిగించి ఫ్రిజ్‌లో నిలబెట్టండి, మూడు రోజులు బాగుంటుంది. తాగేముందు అరగంట బయట పెట్టండి. మెర్లో రెండో రోజు ఒక్కోసారి మొదటి రోజు కన్నా విప్పుకుంటుంది, అందుకని ఒక గ్లాసు కావాలనే మిగల్చడం నాకు అలవాటు. నాలుగో రోజు వాసన చూడండి, పుల్లబడి ఉంటే మటన్ ఉడికేటప్పుడు అర గ్లాసు పోసేయండి, ముక్క మెత్తబడుతుంది.